వారానికి ఎన్ని గంటలు

హోబర్ట్ నుంచి మస్తాన్‌బీ మెయిల్ పెట్టింది.
అక్కడి యూనివర్సిటీ ఆమెకు పూచీ పడతానందట.
ఈమె మాకు కావాలి, ఇక్కడే ఉండిపోనీయండని
వాళ్ళ సర్కారుకు రాసిస్తుందట.
కానీ దానికి ముందు మేం రాసివ్వాలి,
ముత్తుకూరు రోడ్డు మీది మా కాలేజీలో
రొయ్యల ల్యాబులో నాలుగేళ్ళు పనిచేసిందని.
ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా,
ఏమేం చేసింది, జీతమెంత,
వారానికి ఎన్ని గంటలు.

ఆ సెక్షన్ నాదే. రిజిస్టర్లు దించాను.
అటెండెన్సులో ఆమె లేదు.
జీతాల బిల్లుల్లో లేదు.
సాయంత్రానికి కంటింజెన్సీ ఓచర్ల కట్టలో దొరికింది,
బ్లీచింగు పౌడరుకీ జనరేటరు డీజిలుకీ నడుమ:
ల్యాబు సహాయం, షేక్ మస్తాన్‌బీ, పన్నెండు వేలు.
రెవెన్యూ స్టాంపు మీద సంతకం,
స్టాంపు దాటి బయటికొచ్చిన దాని తోక.

“డీజిలుకు సర్వీసు సర్టిఫికెట్ ఇస్తామా పెంచలమ్మా?”
కొత్త ప్రిన్సిపాలు నవ్వుతూనే అన్నాడు.
చెడ్డవాడు కాదు, రూల్సు తెలిసినవాడు.
“రోల్సులో లేని మనిషికి నేనెట్టా సంతకం పెట్టేది?
రేపు ఆడిట్‌కి నువ్వు చెప్తావా?”

చెప్తాను. ఎవరడిగితే వాళ్ళకి చెప్తాను.
ఇందుకూరుపేట గుంటల్లో తెల్లమచ్చ పడిన ఏడు
రైతులు బకెట్లు పెట్టుకుని వరండా నిండా కూచుంటే
రాత్రి పదకొండు దాటినా
రొయ్య తల పెంకు ఒలిచి వెలుతురుకు పట్టి
ఒక్కొక్కరికీ చెప్పేది మస్తాన్‌బీ:
“నీది తెల్లారేలోపు పట్టేసెయ్ మామా.
నీది ఆగొచ్చు. నీళ్ళు మాత్రం మార్చబాక.”
కరెంటు పోతే సెల్లు లైటు పట్టుకుంది నేనే.
పోర్టు బొగ్గుదుమ్ము కిటికీ చువ్వల మీద పేరుకుని ఉండేది,
ఆమె చున్నీ అంచున ఉప్పు చారలు కట్టి ఉండేవి.
ఫారంలో విధులు అన్నచోట
ఐదు లైన్లే ఇచ్చారు.

ఆదివారం షేర్ ఆటోలో పెన్న దాటి
కోవూరు పోయాను, పాత ప్రిన్సిపాలు
దశరథరామిరెడ్డి గారింటికి.
కంటి ఆపరేషనై నల్లద్దాలు పెట్టుకున్నారు.
“ఆ పిల్లని పర్మనెంట్ చేయమని మూడుసార్లు రాశా.
మూడుసార్లూ పైనుంచి తిప్పి కొట్టారు” అన్నారు.
డైరీ నన్నే చదవమన్నారు.
వేలు పెట్టుకుని వెతికాను:
మూడు ఫైలు నంబర్లు, మూడు తేదీలు,
మూడో దాని పక్కన పచ్చ ఇంకుతో ఒక కొట్టివేత.

సోమవారం ఆ ఫైళ్ళు బయటికి తీయించాం.
పోస్టు లేదు కాబట్టి వీలుపడదు అని
పైవాళ్ళు రాసిన కాగితంలోనే
“సదరు మహిళ ఫలానా తేదీ నుంచి పనిచేయుచున్నప్పటికీ”
అని ఉంది.
ప్రిన్సిపాలు అద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.
ఆ “అప్పటికీ” కింద పెన్సిలుతో గీత గీశాడు.
“టైపు చెయ్యమ్మా,” అన్నాడు.

నేను ఔట్‌సోర్సింగు. పదకొండేళ్ళు.
ప్రతి మార్చి ముప్పై ఒకటిన నా ఉద్యోగం అయిపోతుంది,
ఏప్రిల్ రెండున కొత్తగా చేరతాను.
ఒకటో తేదీ నేను ఎవరినీ కాను.
ఆ రోజు ఆఫీసు తాళం తీసేదీ నేనే.
పర్మనెంట్ రెసిడెన్సీ అన్న మాట
లెటర్లో రెండుచోట్ల వచ్చింది,
రెండుచోట్లా స్పెల్లింగ్ సరిచూశాను.

గుండ్రటి సీలు అరిగిపోయింది.
మొదటిసారి ఊరి పేరు పడలేదు,
పక్కనే ఇంకోటి గట్టిగా వత్తాను.
స్కాన్ చేస్తే సైజు ఎక్కువైంది,
తగ్గిస్తే సంతకం మసకబారింది,
ఇంతలో కరెంటు పోయింది.
ఐదు దాటాక పంపగలిగాను.

వాళ్ళకు అప్పుడు దాదాపు అర్ధరాత్రి.
వెంటనే మెసేజ్ వచ్చింది:
“అక్కా, గంటలు ఎన్ని రాశావు?”

ముప్పై ఎనిమిది రాశాను మస్తానూ,
వాళ్ళకు అంతే కావాలంట.
మిగతావి నా దగ్గరున్నాయి.