స్టాండు చీటీ

నేను సినిమా చూడలా.
పదకొండేళ్ళుగా ఏ సినిమా చూడలా.
కావలి ట్రంకురోడ్డు పక్క సందులో
సైకిల్ స్టాండు నాది,
అంటే కాంట్రాక్టు మా బామ్మర్దిది,
టార్చిలైటు మాత్రం నాది.
బండి దొరికిందాకా జనం నోరు ఊరుకోదు.
నాకు అదే తెర.

ఈ వారం ఆడేది మరీ ఇచ్చిత్రం.
గొడ్డలి పట్టుకోని మనుషుల్ని నరికేవోడు
ఈడియో వోళ్ళని వోడే పిలిపించుకుంటాడంట,
పెళ్ళికి పిలిచినట్టు అడ్వాన్సిచ్చి.
"నేనీ బీరువాలో దాక్కుంటా, మీరా మూల నిలబడండి,
ఎలుతురు చాలతాదా?" అని అడుగుతాడంట.
బీరువాలో కాలు తిమ్మిరెక్కి
బయటికి రాలేక మూలగతాడంట.
వోళ్ళమ్మ కెమెరా ఆయనకి దోసె ఏసిపెట్టి
"మావోడు బాగా చేస్తుండాడా నాయనా?" అంటాదంట.

నూటపద్నాలుగో నంబరు, రొయ్యలగుంట కాపలా మాలకొండయ్య:
"థూ, బయమే లేదు.
రాత్రి రెండింటికి గుంటలో ఏరియేటరు ఆగిపోతే
అప్పుడుంటాది సూడు బయం!"
కిక్కు కొట్టినాడు. స్టార్టు కాలా.
హాలు చీకటి వైపు ఒకసారి తిరిగి చూసి
మళ్ళీ కొట్టినాడు.

మటన్ కొట్టు ఖాజావలి తప్పులు తీసినాడు.
"ఎముక కాడ కత్తి అట్టా దిగదు బావా.
పట్టుకోడమే రాదు వోడికి."
తర్వాత గొంతు తగ్గించి,
"రెండోసారి మాత్రం సరిగ్గా పట్టినాడు," అన్నాడు.

కాలేజీ పిల్లోళ్ళు ముగ్గురు, బండి ఒకటే.
ఒకడికి కామెడీ. ఒకడికి నిద్రొచ్చింది.
మూడోవోడు బాగా చదువుకున్నోడు మాదిరుండాడు:
"బయపెట్టే సినిమాలనే ఇది ఎక్కిరిస్తాదిరా.
ఇప్పుడు కరెంటు పోతాదని ముందే చెప్తాడు,
పోతాది, అయినా ఉలిక్కిపడతాం. అదీ గొప్ప!"
"ఆ గొప్పకే గదరా నా చొక్కా చించింది,"
చెయ్యెత్తి చూపించినాడు నిద్రొచ్చినోడు.

పెంచలరత్నం టీచరు మొగుడికి టిక్కెట్టు డబ్బులు దండగ.
"ఆ పిల్ల మైకు పెట్టి అడిగేది, వోడు జవాబు చెప్పేది,
ఇది సినిమానా, వార్తలా?"
ఆమె హెల్మెట్టు పెట్టుకుంటా కూడా నవ్వతానే ఉంది.
"ఆ దోసె," అంటాది,
మళ్ళీ నవ్వతాది.

అందరూ పోయినాక ఒకామె వచ్చింది,
ఆసుపత్రి డ్యూటీ బట్టల్లోనే, పాత స్కూటీకి.
చీటీ అరచేతి చెమటకి మెత్తబడిపోయుంది.
బాగుందా అమ్మా, అని నేనే అడిగినా.
"నవ్వినా," అనింది. "చానా నవ్వినా.
చివర్లో ఆ మైకు పిల్లనే తరుముకుంటాడు.
ఆమె కెమెరా వైపు తిరిగి
అన్నా, తలుపు తియ్యి, అంటాది.
కెమెరా కదల్లా.
హాల్లో అప్పుడు కూడా నవ్వినారు.
నాకూ నవ్వు ఆపేదానికి టయిం పట్టింది."
చిల్లర తీసుకోకుండానే పోయింది.

టార్చి ఆర్పలేదు నేను.
మొన్న శ్రావణంలో ఆ చివర గోడ కాడ
ఇద్దరు కలిసి ఒక పిల్లోణ్ణి కొడతా ఉంటే
ఇదే ఎలుతురు ఏసి పట్టుకోనుండా.
బాగా కనపడింది.
బండ్లకి గీతలు పడకుండా చూసుకున్నా.

ఒకటింబావు. ఒక బండి మిగిలింది.
చీటీ సగం నా జేబులో, సగం యాడుందో.
హాలు షట్టరు దించిన చప్పుడు.
గోడ కాణ్ణించి ఎవురో వస్తుండారు,
మొకానికి అట్టముక్క ముసుగు,
మొదటిరోజు గేటు కాడ పంచినారే, అది.
నడకలో తొందర లేదు.
గుండె దడదడలాడిన మాట నిజం.
పదకొండేళ్ళ అలవాటు నాకంటే ముందే నోరు తెరిచింది:
"చీటీ ఇచ్చి బండి తీసుకో.
పోగొట్టుంటే యాభై."

ముసుగు ఆగింది.
లోపల నవ్వినట్టుంది.
మొకం మీదికి టార్చి ఏసినా,
ఈసారి
ఒక అడుగు ముందుకి కూడా ఏసినా.