ఎడమ వైపుకే

హడర్స్‌ఫీల్డ్‌లో మంగళవారం, చర్చి వెనక హాలు.
హీటరు మూలుగుతుంది గానీ వేడి ఇవ్వదు.
బయట వానలో ఒక బస్సు గేరు మార్చి గుట్టెక్కుతోంది.
లెన్ అక్రాయిడ్, డెబ్భై మూడేళ్లు,
బకెట్‌లోంచి ఒక్కో బంతీ తీసి
నా ఎడమ వైపుకే పంపుతాడు.

"భుజం కాదు, ముంజేయి."

ఇరవై ఏళ్లు ఫార్మసీలో మాత్రలు లెక్కపెట్టిన చెయ్యి.
దానికి తొందర తెలుసు, ఆగడం తెలీదు.
ముప్పై నెట్‌కి. పదకొండు గోడకి.
ఒకటి పియానో కిందికి దొర్లి అక్కడే ఉండిపోయింది.

ఇక బంతి లేకుండా ఆడమన్నాడు.
సిగ్గుపడుతూ గాలిని కొట్టాను.
"కొట్టకు, తుడిచెయ్" అన్నాడు.
అప్పుడు గుర్తొచ్చింది,
పెనం మీద సగం ఉల్లిపాయతో నూనె రాసే ఊపు:
నొక్కితే అంటుకుంటుంది,
తేలిగ్గా పోతే అంచుదాకా మెరుస్తుంది.

మళ్లీ బకెట్.
పంతొమ్మిదో బంతి చప్పుడు మార్చుకుంది.
టక్కుమనలేదు. రబ్బరును రాసుకుంటూ లేచి
నెట్ దాటాక ఉన్నట్టుండి తల వంచింది.
లెన్ ఏమీ అనలేదు, ఇంకోటి తీశాడు.
ఇరవయ్యోది నెట్‌కే.

ఆఖర్న ఇద్దరం వంగి బంతులు ఏరుకున్నాం.
ఆయన మోకాలు కటుక్కుమంది, నేను విననట్టే ఉన్నాను.
పియానో కిందిదాన్ని మాత్రం
వచ్చే మంగళవారానికి వదిలేశాం.