అందుతుందా?

ఫోనెత్తగానే పేరు చెప్పరు ఎవరూ.
"అందుతుందా అండీ?" అంటారు.
ఏది, అని అడగను.
ఆరున్నరైతే పంటు,
తొమ్మిదైతే పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ,
మధ్యాహ్నం దాటితే నర్సాపురం రైలు.

లాకు పక్కన పాత గది నాది.
ఒకప్పుడు ఇక్కడ పడవల లెక్క రాసేవారట.
కిటికీలోంచి చూస్తే లాకు గోడ మీద
నీటిమట్టం గీతలు, సగం చెరిగిన అంకెలు.
ఇప్పుడు నేను రాస్తాను:
కొబ్బరి పీచు షెడ్డు దగ్గర ఇద్దరు,
చర్చి మెట్ల దగ్గర ఓ నిండు గర్భిణి,
రొయ్యల చెరువు మలుపులో ఒకరు,
చక్రాల కుర్చీ, మడత పడేది.

పన్నెండు సీట్ల బస్సు. డ్రైవరు ఏసురత్నం.
దారంటూ లేదు దానికి,
పిలిచిన గుమ్మమే స్టాపు.
ఏటిగట్టు మీద గేదెలు ఎదురైతే మాత్రం
పిలవకపోయినా ఆగుతుంది.

"పిలిస్తే అల్లుడే రాడు, బస్సొస్తుందా"
అని మొదట్లో నవ్వింది పీతలమ్మే చిట్టెమ్మ.
ఇప్పుడు వారానికి నాలుగుసార్లు పిలుస్తుంది,
గంపకి టిక్కెట్టేంటని నాతోనే తగువు.

మంగళ, శుక్రవారాలు గుబ్బల సూర్రాజు గారు.
డయాలసిస్.
కుర్చీ ఎప్పుడు ఖాళీయో నర్సు చెబుతుంది,
నీళ్ళు ఎప్పుడు తీస్తాయో సరంగు చెబుతాడు.
ఆ రెంటి మధ్య మిగిలేది పదకొండు నిమిషాలు.
అదే నా ఉద్యోగం.

మొన్న శుక్రవారం వానకి
గట్టు మీద బురదలో దిగబడింది బస్సు.
సరంగుకి ఫోన్ చేశాను, కాస్త ఆపవా అని.
"పంటు ఆగుద్దమ్మా, పాటు ఆగదు" అన్నాడు.
అన్నాడే గానీ ఆపాడు.
తోసుకుంటూ, తడుసుకుంటూ, బురదకాళ్ళతో
ఎక్కారంతా.
అందరికీ పంటు అందింది.
పంటుకి నీళ్ళు అందలేదు.

నడి ఏట్లో, ఇసక మేట మీద
పంటూ, సూర్రాజు గారూ, చిట్టెమ్మ పీతలూ.
అవతలి రేవులో తలుపులు తెరుచుకుని
ఆసుపత్రి బండి.
చిట్టెమ్మ తన గొడుగు ఆయన మీద పట్టిందట,
గంప తడుస్తుంటే
"అవి నీళ్ళలోవేగా" అందట.

నర్సుకి ఫోన్ చేశాను.
తిడుతుందనుకున్నాను.
కాగితాలు తిప్పిన చప్పుడు.
"ఇంకొకరిని ముందు కూర్చోబెడతాను.
మూడింటి కుర్చీ ఉంచుతా ఆయనకి."
ఆగి, తనే అడిగింది:
"అందుతుందా అండీ?"

ఇన్నాళ్ళూ నన్ను అడిగినవాళ్ళంతా
ఇలాగే ఊపిరి బిగబట్టి ఉంటారు కాబోలు.
కిటికీలోంచి లాకు గోడ చూశాను.
నాలుగో గీత తడిసింది.

"పోటు మొదలైందండి" అన్నాను.