మూడు పిలుపులు

దేవరకొండ కోర్టుల పేర్లు పిలిచేది నేనే.
ఆయన పోయినంక ఆయన జాగల వచ్చిన కొలువు.
ఇంట్ల ఎన్నడూ గట్టిగ మాట్లాడినదాన్ని కాదు.
తొలినాడే బెంచి క్లర్కు అన్నడు:
"సుగుణమ్మా, నీ గొంతు గేటు దాటాలె."

మూడుసార్లు పిలవాలె.
మూడోసారికీ పలకకుంటే
లోపల పెన్ను కదుల్తది,
ఎన్.బి.డబ్ల్యూ. అని.

ఆ దినం ఆషాఢం వాన.
వరండ రేకుల మీద జొన్నలు కుమ్మరించినట్టు.
నాకేమో మూడొద్దుల సంది గొంతు పట్టింది.
"రమావత్ బిచ్చానాయక్!" అన్న.
"రమావత్ బిచ్చానాయక్!"
మూడోసారి అన్ననో,
అన్ననని అనుకున్ననో,
ఇప్పటికీ తేల్తలేదు.

పొద్దుగూకి బీరువకు తాళమేసి వస్తుంటే
జిరాక్సు దుకాణం పరద కింద ఒకడు,
తడిసిన అంగి, చేతిల సద్ది డబ్బ.
"అమ్మా, బిచ్యను ఇంక పిలువలేదేంది?"

తండల వాడు బిచ్య.
కాయిదంల బిచ్చానాయక్.
నా నోటికీ వాని చెవికీ నడుమ
పదిహేనడుగులు, ఒక వాన.
"రేపు వకీలును కలువు" అన్న.
అంతే అన్న.

వారెంటు మెల్లగ నడుస్తది.
కోర్టు నుంచి ఠాణకు, ఠాణల రైటరు సొరుగుకు.
గణపతి బందోబస్తు కాయిదాల కింద,
ఆ మీద ఎలక్షన్ల కాయిదాల కింద
ఏడు నెలలు పండుకున్నది.
వాడు మలక్‌పేట మార్కెట్ల మిర్చి బస్తాలు మోసుకుంట
తుమ్ముకుంట ఉన్నడు.

లోక్ అదాలత్ ముంగట దానికి మెలకువ వచ్చింది.
తెల్లారకముందే తండకు జీపు పోయింది.
దొరకలేదు.
పెనం మీద రొట్టె అట్లనే ఇడిసి
వాని పెండ్లాం సక్రి నెట్ సెంటరుకు ఉరికింది.
పేరు కొడ్తే రాలే.
అక్షరం ఒకటి ఎక్కువ కొట్టి చూసిన్రు, తక్కువ కొట్టి చూసిన్రు.
ఆఖరుకు సమన్ల మడతల నంబరు దొరికితే వచ్చింది:
ఆటో బోల్తా, ఒక ముసలవ్వ కాలు విరిగిన కేసు.
కిందున్న ఇంగ్లీషు చదివి చెప్పినందుకు
పోరడు ఇరవై రూపాయలు తీసుకున్నడు.

అవ్వ కాలు ఎన్నడో అతికింది.
కేసే ఇంక కుంటుతున్నది.

ఇయ్యాల వచ్చిండు బిచ్య.
వకీలు రీకాల్ పిటిషన్ల రాసిండు:
తీవ్రమైన జ్వరం వల్ల హాజరు కాలేకపోయినాడు.
పదకొండేండ్ల నా కొలువుల
ఈ కోర్టుకు రాని మనిషల్ల జ్వరమే పడ్డడు.
చావు జ్వరమే, కోతలు జ్వరమే,
బస్సు కిరాయి లేకపోవుడు జ్వరమే.
వచ్చి, వాకిట్ల నిలబడి, వినపడనోడు కూడ
జ్వరం అని రాస్తేనే ఇంటికి పోతడు.

వాడు నా ముంగటనే ఉన్నడు.
చెయ్యి చాపితే అందేటంత దూరం.
అయినా పిలవాలె, అది పద్ధతి.
మెట్లు దిగిన. ఎండలకు పోయిన.
జిరాక్సు పరద దాక పోయి
"రమావత్ బిచ్చానాయక్!" అన్న.
మల్ల, ఎవ్వరు చెప్పకుండనే,
"బిచ్యా!" అన్న.
లోపల సారు కండ్లద్దాల మీంచి చూసిండంట.
నా ఎనుక నుంచి వాడు
"ఉన్ననమ్మా, ఈడనే ఉన్న."

జరిమాన రెండు వందలు.
వకీలుకు రెండు వేలు.
పోయిన కూలి లెక్క వాడు చెప్పలేదు.
"ఆర్డరు కాపీ నీ చేతులతోని ఠాణల ఇచ్చి
ఒక సంతకం పట్టుకో" అన్న,
"లేకుంటే సొరుగుల పాతది మల్ల లేస్తది."
తల ఊపిండు. పోయేముందు అన్నడు:
"ఆనాడు వాన మస్తు కొట్టిందమ్మా."

అవును అన్న.

జాబితల తర్వాతి పేరు చూసుకున్న.
గొంతు సవరించుకుని
ఒకటి, రెండు,
వేళ్లు ముడుచుకుంట పిలుస్తున్న.