పడవ పలక మీద లెక్క

మతొందొని రేవులో పడవలు కట్టే
బ్వానహేరి మేస్త్రి దగ్గర నేను నూలు పట్టేవాణ్ణి.
సుద్ద పూసిన ఆ నూలు చిటుక్కున గీత కొడితే తప్ప
ఆయన చెక్క మీద బాడిశ వేసేవాడు కాదు.
"కన్ను మొహమాటపడుతుందిరా, నూలు పడదు."

అంత నమ్మకం
వేలికొస మీది నెత్తుటిబొట్టుకి మాత్రం ఇవ్వలేదు.

షాబాన్ నెలలోనే నర్సు రిజికి పిలిచి చెప్పింది:
వద్దంటే వినవని తెలుసు కనుక చెబుతున్నా.
పెద్ద మాత్ర పొద్దుగూకాక. దాకు భోజనానికి సగమే.
ఆ భోజనం కూడా తెల్లవారుజాము ఆఖరి ఘడియలో తిను,
ముందే తినేసి ముసుగుతన్నకు.
మధ్యాహ్నం ఒకసారి, అసర్ వేళకి ఒకసారి సూది గుచ్చుకో.
దాంతో రోజా పోదు, ఇమాముని నేనే అడిగాను.
నాలుగుకి దిగితే ఆ క్షణమే విడిచెయ్,
పదహారు దాటినా అంతే.

తలాడించాడు. గడ్డం కూడా ఊగేట్టు ఆడించాడు.
మీటరు పోయి ఉలుల పెట్టెలో మేకుల కింద పడుకుంది.

పదకొండో రోజు. కస్కజి గాలి చచ్చిపోయింది.
సముద్రం పెనం మీద నూనెలా నిలబడిపోయింది.
నూలు కొట్టాను. మేస్త్రి బాడిశ ఎత్తి
గీతకి రెండు వేళ్ళ అవతల వేశాడు.
నన్ను మా నాన్న పేరుతో పిలిచాడు.
నాన్న సముద్రంలో పోయి ఏడేళ్ళు.
ఎండలో నిలబడ్డ మనిషికి చలిచెమట.

పెట్టె బోర్లించాను.
ఆ వేలు ఎంత కాయకాసిందంటే
రెండోసారి గుచ్చితే గానీ బొట్టు రాలేదు.
మూడు పాయింట్ ఒకటి.

"ఇంకెంతరా, రెండు గంటలేగా" అన్నాడు.
నాకు నర్సు మాటలేవీ గుర్తు రాలేదు.
"మేస్త్రీ, నూలు కొట్టింది" అన్నాను.
"గీత ఇక్కడ పడింది."

ఆయన అంకె వైపు చూశాడు,
తప్పు నరికిన చెక్క వైపు చూశాడు,
నోరు తెరిచాడు.

గ్లాసు నీళ్ళలో మూడు చెంచాల పంచదార.
పదిహేను నిమిషాలు, మడచెట్టు నీడ జరగడం చూస్తూ.
మళ్ళీ గుచ్చాను. నాలుగు పాయింట్ ఆరు.
అప్పుడు ఖర్జూరాలు, నిన్నటి మహమ్రి ముక్క.
నములుతూ ఏడ్చాడు, దగ్గులా వినిపించేట్టు.
నేను నూలు చుట్టుకుంటూ అటు తిరిగాను.

మిగిలిన నెల రోజా లేడు.
రోజూ ఒక లేనివాళ్ళింటికి కొబ్బరన్నం పంపాడు.
దాకు డప్పు వీధిలోకి రాగానే మాత్రం లేచేవాడట,
బీబీ మ్వానైది తింటుంటే ఎదురుగా కూచుని
కందుల్లో ఉప్పు తక్కువైందని,
తాను ముట్టని కూరకి వంకలు పెట్టేవాడట.

నోటుబుక్కు కొనలేదు.
పొద్దుటి అంకె, మధ్యాహ్నపు అంకె
వడ్రంగి పెన్సిల్‌తో పడవ లోపలి పలక మీద రాశాడు,
మధ్యమధ్య చెక్కల కొలతలు కలిసిపోయాయి.
ఆరు పాయింట్ రెండు పక్కన పన్నెండు అడుగులు.

పండగ వెళ్ళాక అతుకుల్లో దూది కుక్కి, సొర నూనె పూసి
ఆటుపోటు చూసి పడవ దించాం.

"నెల లెక్క ఏదీ?" అని రిజికి చెయ్యి చాపింది.
మేస్త్రి కిటికీలోంచి నీళ్ళవైపు చూపించాడు.
"మామిడిపళ్ళేసుకుని మొంబాసా పోయింది.
బుధవారం వస్తుంది."