తుప్పునీళ్ళ రంగు

జ్ఞానాపురంలో, మేడమీద రేకుల గదిలో
ఉన్ని చిలపలు ఉడకబెడుతున్నాను.

బజ్జీలబండి కనకరాజు దాచిపెట్టిన ఉల్లిపొట్టు
మూడు సంచులు.
"ఏటి సేత్తావమ్మా దీంతో" అని అడగడం మానేసి
ఇప్పుడు ఎర్రపొట్టు వేరుగా మూటకడుతున్నాడు.

పటికనీళ్ళలో రాత్రంతా నానిన ఉన్ని
తడిసిన కుక్కపిల్ల వాసనేస్తోంది.
ఈ ఊళ్ళో స్వెట్టరెవడికే, అంటాడు మా ఆయన
చెమట తుడిచిన తువ్వాలు పిండుతూ.
లంబసింగి బడికి పోస్టింగైన మా సువార్తకి.
ఎన్నిసార్లు చెప్పినా అంతే.

నిన్న తొలివాన.
రేకుల మీంచి డ్రమ్ములోకి దిగిన నీళ్ళు
వృథా ఎందుకని అవే పోశాను గిన్నెలో.
పోర్టు దుమ్ము ఏడాదిగా పడుకునుంది ఆ రేకుల మీద.
నేను మర్చిపోయాను. ఇనుము మర్చిపోలేదు.

బంగారు రంగు రావాలి.
గుప్పెడు కరక్కాయ పొడి పడిందో లేదో
గిన్నె మొహం మాడ్చుకుంది.
పసుపు కాదు, నలుపూ కాదు,
వాయుగుండానికి ముందురోజు
డాల్ఫిన్స్ నోస్ కింద నీళ్ళుంటాయే, అది.

పైడమ్మ తొంగిచూసి
"కూర మాడిపోనాదా?" అంది.

పారబోద్దామనే లేచాను.
ఎందుకో పిండి, తీగమీద వేశాను.

సాయంత్రం ఫొటో చూసి సువార్త
కాసేపు మాట్లాడలేదు.
"కిటికీ గట్టుమీద చెయ్యి పెడితే
వేళ్ళకంటేది ఇదే కదే అక్కా"
అని నవ్వింది.

పదో నెంబరు సూదులు తీశాను.
మళ్ళీ రమ్మంటే రాదీ రంగు.
ఉన్న ఆరు చిలపల్లోనే
రెండు చేతులూ సరిపెట్టాలి.