నాలుగో ప్రూఫు

చిత్తూరులో మామిడి గుజ్జు డబ్బాలకు
లేబుళ్ళు కొట్టి కొట్టి నా గోళ్ళు పసుపెక్కినాయి.
ముప్పై ఏళ్ళుగా తోతాపురి రంగు మారలేదు,
దాని పేరు మీద ఎవరూ నన్ను నిలదీయలేదు.

తొలకరికి ముందర వచ్చింది పుష్కల.
ఆయుర్వేదం చదివిన పాప.
పలమనేరు రోడ్డులో రేకుల షెడ్డు, ఒక గానుగ, బ్యాంకు అప్పు.
సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టింది.
పచ్చటి నూనె. మూత తీస్తే
తడిసిన గడ్డివామి వాసన, అడుగున ఎక్కడో వేయించిన నువ్వులు.
"దీనికి పేరు వేయాల మొగిలన్నా."
ఏం పేరు?
ఆడే మొదలయింది తంటా.

మొదటి ప్రూఫు: గంజాయి గింజల నూనె.
ఉన్న మాటే కదా అనుకున్నా.
పాప చప్పున అరచేత్తో మూసింది,
కిటికీ అవతల టీ తాగుతా ఉన్న కానిస్టేబులు
చదివేస్తాడేమో అన్నట్టు.

రెండో ప్రూఫు: విజయ తైలం.
వైద్యం పుస్తకంలో దాని పేరు అదేనంట.
పోలీసు పుస్తకంలో ఇంకో పేరు.
మొక్కకు రెండూ తెలీదు, వానొస్తే పెరుగుతాది.
ఐదు వేలు కొట్టి కట్టలు కట్టినా.
ఆ సాయంత్రమే ఆఫీసు నుంచి కాగితం:
'తదుపరి ఉత్తర్వులు వెలువడు వరకు...'
మూడుసార్లు చదివినా.
చేయమనీ లేదు, మానమనీ లేదు,
ఆ వాక్యానికి క్రియ ఎవరో దాచిపెట్టుకున్నారు.

యాదమరిలో చెంగల్రాయులు రెండెకరాలు దున్ని పెట్టినాడు.
విత్తు వేస్తే పంటా, కేసా?
చెప్పే దొర సెలవులో ఉండాడు.
మడిలో గడ్డి మొలిచింది. గడ్డికి లైసెన్సు అక్కర్లేదు.
నార తీసే మిషను కోయంబత్తూరు నుంచి రావాల,
అది వచ్చేలోపల కౌంటర్ల చుట్టూ తిప్పి
మనిషి నార తీసినారు.

చట్టానికి భయం ఎందుకో నాకు తెలీకపోలేదు.
మా చెల్లెలి కొడుకు కాట్పాడి రైలు దిగి
పొట్లంతో దొరికిన రాత్రి
స్టేషన్లో సంతకం పెట్టింది నేనే.
వాడి కళ్ళు ఇప్పటికీ నా ముఖాన్ని దాటి చూస్తాయి.
ఆ ఆకూ ఈ గింజా ఒక తల్లి బిడ్డలే,
ఒకడు చేసిన దానికి ఇంకొకడిని కట్టేస్తామా అంటే
జవాబు నా దగ్గర లేదు.
గంజాయివనంలో తులసిమొక్క అని సామెత చెప్పి నవ్వినా.
పాప నవ్వలేదు.
"ఆ తులసి ఎండిపోకుండా నీడ ఇచ్చింది ఆ వనమే కదన్నా."

మూడో ప్రూఫు: హెంప్. ఇంగ్లీషులో ఉంటే మర్యాదంట.
కింద చీమ తలకాయంత అక్షరాల్లో
మత్తు పదార్థం వందలో సున్నా పాయింటు మూడుకు లోపల.
ఒక ల్యాబు సరే అనింది.
ఇంకో ల్యాబులో మిషను రిపేరు.
మా అత్త మోకాళ్ళకు రుద్దుకుని
"తగ్గినట్టే ఉండాదిరా" అనింది.
ఆ 'నట్టే' అన్న ముక్క వేద్దామంటే
నొప్పి పేరు అచ్చేసినందుకు ఇంకో సెక్షను.

నిన్న నాలుగోది తీసినా.
తయారీ తేదీ ఉండాది, ధర ఉండాది,
పిల్లలకు దూరంగా ఉంచమని ఉండాది.
పేరు ఉండే చోటు తెల్లగా వదిలినా.
నూనెకు గడువు పద్దెనిమిది నెలలు,
అందులో పదకొండు అయిపోయినాయి.
ఆఫీసు కాగితానికి గడువు వేయలేదు.

పాప ప్రూఫును వెలుతురుకు పట్టి చూసింది,
మడిచి జాకెట్టులో పెట్టుకోనింది,
"ఉండనీ అన్నా" అని బస్సుకు పోయింది.

విజయ కట్టలు మూలన అట్లే ఉండాయి.
మంచి కాగితం, వెనకవైపు ఖాళీ.
గుజ్జు ఫ్యాక్టరీ బాకీలు
వాటి మీదే రాసుకుంటా ఉండా.